రేపటికి వదిలిన కమ్మీలు

ఆ మనిషి పెట్టిన పేర్లు ఏ కంప్యూటరు తెరమీదా పట్టేవి కావు. మొదలు చూస్తే చివర కనిపించదు. చివర చూద్దామని పక్కకు జరిపితే మొదలు మాయమవుతుంది. మొన్న సోమవారం ఆఫీసుకు వచ్చీ రాగానే, కాఫీ కూడా తాగకుండా, అలాంటి ఒక పేరు ముందు కూర్చున్నాను. జరుపుతూ పోయాను. జరుపుతూ జరుపుతూ ఉండగా ఏడుపొచ్చింది. అది కూడా సరిగ్గా రాలేదు, విసుగుతో కలిసి వచ్చింది. ఆయన మీద నాకు ప్రేమ పుట్టినప్పుడల్లా విసుగు వెంటే ఉండేది.

ఆయన తమిళుల ఆడి నెలలో పోయాడు. గుడియాత్తంలో, సొంత ఇంట్లో, మధ్యాహ్నం భోంచేసి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. "సార్ పోయినాడంట" అని నాకు ఫోను వచ్చింది. ఏ సారో చెప్పనక్కర్లేదు. మా ఆఫీసులో సార్ అంటే ఆయనొక్కడే. యజమానిని కూడా మేము సార్ అనం, అన్నా అంటాం. కనిపించిన ప్రతిదానికీ బారెడు పేరు పెట్టిన మనిషికి మేమందరం కలిసి పెట్టిన పేరు ఆ ఒక్క ముక్కే. ఇక్కడా దాన్ని అలాగే ఉండనిస్తాను.

వేలూరు పాత బస్టాండు వెనక, ఒక అద్దాల కొట్టు మీద, రెండు గదుల ఆఫీసు మాది. లాడ్జీలకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఊళ్ళో లాడ్జీలంటే విహారానికి వచ్చినవాళ్ళు దిగేవి అనుకోకండి. పెద్దాసుపత్రి చుట్టూ సందుల్లో, బెంగాలీలో రాసిన బోర్డుల కింద, స్టవ్వులు అద్దెకిచ్చే కొట్ల మధ్య ఉండే లాడ్జీలు. ఎక్కడెక్కడినుంచో రైలెక్కి రోగులను తీసుకొచ్చినవాళ్ళు వారాల తరబడి వాటిలో ఉంటారు. ఎవరు ఏ గదిలో ఉన్నారు, ఏ గది ఖాళీ అయింది, ఇదంతా చూసుకునే ప్రోగ్రామును సార్ రాశాడు. ఆయన కింద పనిచేయడానికి నేను చేరినప్పుడు నా జడ నడుం దాకా ఉండేది. ఇప్పుడు తల నెరిసింది, కళ్ళజోడు వచ్చింది, ఆ ప్రోగ్రాము వాడే లాడ్జి ఒక్కటే మిగిలింది.

ఆ ఒక్క లాడ్జీ ఇప్పుడు పోయేటట్టుంది. రోగిని ఆసుపత్రిలో చేర్చుకుంటే గది తోడు వచ్చినవాళ్ళకు మిగలాలి. మనిషి మారాలి, గది మారకూడదు. మా ప్రోగ్రాముకు అది చేతకాదు. రోగిని ఖాళీ చేయించి, మళ్ళీ అదే గదిని తోడు మనిషికి ఇవ్వాలి. ఆ రెండు పనుల నడుమ, లాడ్జీలో రెండో బల్ల దగ్గరున్నవాడు ఆ గదిని ఇంకెవరికో ఇచ్చేస్తాడు. ఒకాయన భార్యను ఆపరేషనుకు లోపలికి పంపించి వచ్చేసరికి ఆయన సంచులు వరండాలో ఉన్నాయి. లాడ్జి యజమాని మా వాళ్ళకు గట్టిగా చెప్పేశాడు. నెలాఖరులోపు ఇది సరిచేయాలి, లేకపోతే వేరేవాళ్ళది కొనుక్కుంటాడు. ఆ లాడ్జి పోతే మా ఆఫీసు తలుపులు మూసుకోవడమే.

మా యజమాని నన్ను పిలిచి కూర్చోబెట్టాడు.

"ఇన్నేండ్లు నువ్వే కదమ్మా తీసేద్దాం తీసేద్దాం అని నా తల తింటివి. ఇప్పుడు తీసేయ్. మొత్తం పీకేసి చిన్నదిగా రాయి. అడ్డం చెప్పేదానికి మనిషి కూడా లేడు."

ఆ చివరి మాట ఆయన బాధతోనే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. సరేనన్నాను. అన్నాక చాలా రోజులు ఆ పనిమీద చెయ్యి పెట్టలేదు. నెలాఖరు దగ్గర పడుతూ ఉంది.

ప్రోగ్రాములు రాసేవాళ్ళలో కొన్ని అచ్చులుంటాయి. ఒకే రకం చిక్కు మళ్ళీ మళ్ళీ వస్తుంటే దాన్ని ఇలా విప్పుకోండని ముందువాళ్ళు తేల్చి, పేర్లు పెట్టి పోయిన పద్ధతులు. డిజైన్ ప్యాటర్న్‌లు అంటారు. ఫ్యాక్టరీ అంటే అడిగిన వస్తువును తయారుచేసి ఇచ్చే భాగం. స్ట్రాటజీ అంటే ఒక పనిని ఏ తీరులో చేయాలో నిర్ణయించే భాగం. డెకరేటర్ అంటే ఉన్నదాని చుట్టూ ఇంకో పొర కప్పేది. మంచివే, కావలసిన చోట వాడితే ప్రాణం లేచొస్తుంది. సార్ వాటిని కావలసిన చోటా వాడాడు, అక్కర్లేని చోటా వాడాడు. ఒక గది ఖాళీగా ఉందో లేదో చెప్పమంటే ఆ ప్రశ్న ముందు ప్రొవైడర్ అనే భాగం దగ్గరికి పోతుంది, అది ఫ్యాక్టరీని అడుగుతుంది, ఫ్యాక్టరీ ఒక స్ట్రాటజీని పుట్టించి ఇస్తుంది, ఆ స్ట్రాటజీ మేనేజర్ అనే ఇంకో భాగాన్ని అడుగుతుంది. ఇంతమందిని దాటుకుని పోతే ఆఖరికి అవునో కాదో ఒక మాట ఉంటుంది.

వీటి పేర్లను ఆయన నోటితో చదవగా వినాలి. "గెస్ట్ రూమ్ అలొకేషన్ స్ట్రాటజీ ఫ్యాక్టరీ ప్రొవైడర్" అని, పూజారి సంకల్పం చెప్పినట్టు, నడుమ ఊపిరి తీసుకోకుండా చదివేవాడు. చదవబోయే ముందు కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడిచేవాడు. చదివాక మా మొహాలు చూసేవాడు, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని. మేము ఫ్యాను వైపు చూసేవాళ్ళం.

నేను రాసింది చదివినప్పుడు మాత్రం వేళ్ళ కణుపులతో బల్లమీద తట్టేవాడు. వాళ్ళది కట్టుబడి పని చేసే ఇల్లు. వాళ్ళ నాయన మేస్త్రీ, చిన్నాయనలు మేస్త్రీలు, బావమరుదులు సెంట్రింగు కట్టేవాళ్ళు. కొత్తగా పరిచిన టైల్ కింద సిమెంటు సరిగ్గా కూరుకుందో లేదో తట్టి, చప్పుడు విని చెబుతారు కదా, అలా తట్టేవాడు. తట్టి తల అడ్డంగా ఊపేవాడు.

"లోపల బోలుగా ఉండాది పాపా."

"పని చేస్తుంది కదా సార్?"

"ఈపొద్దు చేస్తాది. రేపు?"

ఆయన మాటల్లో ఎక్కువసార్లు వచ్చే మాట ఆ రేపు. రేపు లాడ్జీకి ఇంకో కట్టడం కడితే? రేపు రోజుకు కాక గంటకు గదులిస్తే? రేపు ఈ లాడ్జి ఆయనే తిరుపతిలోనూ ఒకటి తెరిస్తే? ప్రతి రేపటికీ ఒక చోటు వదిలి, ఆ చోటుకు ఒక పేరు పెట్టి, తాళం వేసినట్టు భద్రంగా మూసేవాడు. ఆ రేపులు ఒక్కటీ రాలేదు. నాకు అప్పట్లో కోపం వచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే నీరసం వస్తుంది.

అన్నం డబ్బా కూడా అంతే. ఊరగాయ ఒక చిన్న డబ్బాలో ఉండేది, ఆ డబ్బా ఇంకో డబ్బాలో, అది ముడివేసిన కవర్లో, ఆ కవరు సంచిలో జిప్పున్న అరలో. విప్పేసరికి మా భోజనాలు అయిపోయేవి. ఇంట్లో ఆవిడ అంత జాగ్రత్తగా కడుతుందేమో పాపం అనుకునేదాన్ని. ఒకసారి ఆవిడే నాతో చెప్పింది, "నేను యాడ కడతానమ్మా, ఆయనే కట్టుకుంటాడు, నన్ను ముట్టనీడు" అని.

ఒకరోజు భోజనాల దగ్గర ఆయనకు ఫోనొచ్చింది. మాట్లాడి పెట్టేశాక ఎవరు సార్ అని అడిగాను.

"మా మేల్పాడి మేనత్త నడిపి కొడుకు బామ్మర్ది."

"ఆయనకు పేరు లేదా సార్?"

ముద్ద చేతిలో పట్టుకుని నిజంగానే ఆలోచించాడు. "ఉంటాది. ఎవురూ పిలవరు" అన్నాడు. తర్వాత నా మొహం చూసి, నాకు అర్థం కాలేదని తెలిసి, పాఠం చెప్పినట్టు చెప్పాడు. "ఒట్టి పేరు చెప్తే ఏం తెలుస్తాది పాపా? మురుగన్ అని పిలిస్తే వీధంతా పలుకుతాది. యా ఊరు, ఎవురి కొడుకు, ఎవురింటి పిల్లను చేసుకున్నాడు, ఇదంతా చెప్తేనే కదా మనిషి ఎవురో తెలిసేది."

"మన ప్రోగ్రాములో గదికి మేనత్త ఉండదు కదా సార్."

"రేపు ఉంటే?" అన్నాడు. అని తనే పకపక నవ్వాడు. పొలమారింది, నేను లేచి నీళ్ళిచ్చాను.

వాళ్ళ ఇంట్లో నన్ను కూడా పేరుతో ఎవరూ అనరు. కనియంబాడి పాప అంటారు. మాది కనియంబాడి పక్కన సేద్యం చేసుకునే ఇల్లు. మాదీ తెలుగే, వాళ్ళదీ తెలుగే. కానీ ఆయనకు తెలుగు అక్షరాలు రావు. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదివి, ఆఫీసులో ఇంగ్లీషు రాసి బతికాడు. నాకు మా అవ్వ నేలమీద బొగ్గుతో రాసి నేర్పింది. నేను ఆఫీసులో తెలుగు పుస్తకం ఏదైనా తెరిస్తే, "పైకి చదువు పాపా" అని కుర్చీ దగ్గరికి లాక్కుని కళ్ళు మూసుకుని వినేవాడు. ఉండుంటే ఇది కూడా చదివి వినిపించేదాన్ని. అంతా విని "పొడుగు చాల్లేదే" అనుండేవాడు.

ఆయనంటే ఏమిటో నాకు పూర్తిగా అర్థమైంది ఒక మధ్యాహ్నం, ఆ లాడ్జీలోనే. మేనేజరు ఫోను చేసి గోలపెడుతున్నాడు. ఇద్దరం నడిచి పోయాం. ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలో ఒక బెంగాలీ ముసలావిడ కూర్చుని ఉంది. మోకాలికి ఆపరేషన్ అయి, లావుపాటి కట్టు కట్టి, కాలు ఇంకో కుర్చీ మీద చాచి పెట్టారు. వాళ్ళ గది పైన ఉంది. లిఫ్టు లేదు. కింద ఒక గది ఖాళీగా ఉంది. కొడుకు మెట్లను చూపిస్తాడు, తల్లి కాలిని చూపిస్తాడు, దండం పెడతాడు.

"కింది గదికి మార్చమంటే మీ మిషను పలకడం లే సార్" అన్నాడు మేనేజరు.

సార్ కూర్చున్నాడు. నేను వెనక నిలబడ్డాను. ఒక ఫైలు తెరిస్తే అది ఇంకో ఫైలును చూపిస్తుంది, అది తెరిస్తే ఇంకోటి. ఆయన ఒక్కోదాని పేరూ పెదాలు కదుపుతూ చదువుకుంటూ లోపలికి పోతున్నాడు. ఆఖరికి దొరికింది. కింది అంతస్తు గదులకు రేపు వేరే నియమాలు రావచ్చని ఆయనే ఒక ఖాళీ చోటు వదిలాడు. ఆ నియమాలు ఎవరూ రాయలేదు. కింది గదికి మార్చండి అనగానే ప్రోగ్రాము ఆ ఖాళీ చోటులోకి పోయి అక్కడే నిలబడిపోతుంది.

"సార్, ఆ ఖాళీని దాటేసేటట్టు ఒక్క వరస రాయండి. అయిపోతుంది" అన్నాను.

"దాటేస్తే దాన్ని పెట్టింది ఎందుకు పాపా?" అన్నాడు. అని కింది గదుల నియమాలు రాయడం మొదలుపెట్టాడు. నియమాలు పుట్టించడానికి ఒక ఫ్యాక్టరీ కూడా.

మేనేజరు కాసేపు చూశాడు. తర్వాత కొక్కెం నుంచి తాళంచెవి తీసి కొడుకు చేతిలో పెట్టాడు. ఇద్దరు మనుషులు ముసలావిడను కుర్చీతో సహా ఎత్తుకుని కింది గదిలోకి తీసుకుపోయారు. అక్కడ ఫ్యాను వేశారు, తలుపు చేరవేశారు. సార్ తల ఎత్తలేదు. టీ వచ్చింది, చల్లారింది. ఎండ గుమ్మంలోంచి బయటికి పోయింది. పని ముగిశాక లేచి, ఆ గది ముందుకు పోయి, చేరవేసిన తలుపు సందులోంచి చూశాడు. ముసలావిడ గురక పెడుతోంది.

"ఇప్పుడు సరిగ్గా పడుకునింది" అన్నాడు నాతో.

నవ్వాలో ఆయన్ని పట్టుకుని కుదపాలో నాకు తెలియలేదు. కానీ ఆయన మొహంలో నిజమైన నెమ్మది ఉంది. ఆవిడ ఎక్కడ పడుకుందో లోకానికి తెలిసింది, ప్రోగ్రాముకు తెలియలేదు. అంతసేపూ ఆయనకు ఆ ముసలావిడ ఇంకా మెట్ల దగ్గరే కూర్చుని ఉంది. దాన్ని వెర్రి అని కొట్టిపారేయడం నాకు ఈ రోజుకీ చేతకాదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు విరించిపురంలో వాళ్ళ చుట్టాలింట్లో చెవులు కుట్టే వేడుక అని సెలవు పెట్టాడు. ఇదే అదనని నేను గది మార్చే తతంగమంతా పక్కకు నెట్టి, ఆ పనిని ఒక చిన్న ముక్కలో రాసేశాను. రూమ్ ఛేంజ్ అని పేరు పెట్టాను. తెరమీద కన్ను కదపకుండా చదవొచ్చు. లాడ్జీ వాళ్ళు అడగ్గానే పలుకుతోందని ఫోను చేసి మరీ చెప్పారు.

సెలవు నుంచి వచ్చి చదివాడు. బల్ల తట్టలేదు. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు, డబ్బాలు విప్పి అన్నం కూడా ఒక్కడే తిన్నాడు. మర్నాడు వచ్చి చూస్తే నేను రాసింది అలాగే ఉంది, కానీ దాని చుట్టూ ఆయన కొత్తగా ఒక పొర కట్టాడు. దాని పేరు కనియంబాడి రూమ్ ఛేంజ్ సేఫ్టీ డెకరేటర్.

"ఇదేంది సార్?"

"నీది లోపల భద్రంగా ఉండాది పాపా. వాన తగలకుండా చుట్టూ గోడ కట్టినా, అంతే."

"మా ఊరి పేరెందుకు సార్ మధ్యలో?"

"ఎవురు రాసినారో తెలియొద్దా?" అన్నాడు. నేను అడిగిన ప్రశ్నే తప్పన్నట్టు చూశాడు.

నాకు గర్వంగానూ అనిపించింది, ఒళ్ళు మండనూ మండింది. ఆ తర్వాత ఆయన దానిమీద ఇంకో పొర వేశాడు, దానిమీద మరోటి. నేను అడగడం మానేశాను.

పోయిన ఆదివారం గుడియాత్తం పోయాను. కర్మాంతరానికి పోలేకపోయాను, ఒంట్లో బాగాలేక. అక్క, అంటే సార్ భార్య, తలుపు తీసి నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత లోపలికి తీసుకుపోయి, కూర్చోబెట్టకుండానే తలెత్తి పైకప్పు చూడమంది. ఆయన పడుకునే మంచానికి నేరుగా పైన, కప్పుమీద పెద్ద తేమ మచ్చ. సున్నం పెచ్చులు ఊడి, లోపలి ఇనుము తుప్పుపట్టి కనిపిస్తోంది. మంచాన్ని గోడ వారకు లాగేశారు.

"పైకి రామ్మా, చూపిస్తా."

మిద్దె ఎక్కాం. ఆ ఇల్లు వాళ్ళ మామ, సార్ వాళ్ళ నాయన, కట్టింది. ఆ వైపు ఎవరిల్లు చూసినా అంతే, కప్పు మీద నాలుగు మూలలా, నడుమనా, స్తంభాల ఇనుప కమ్మీలు బయటికి నిలబెట్టి వదిలేస్తారు. రేపు పిల్లలు మాడి, అంటే పై అంతస్తు, కట్టుకునేటప్పుడు అతుకు వేసుకోవడానికి. ఈ ఇంటిమీద కమ్మీలు నడుం ఎత్తున నిలబడి ఉన్నాయి, ఎర్రగా తుప్పుపట్టి. వాన తగలకుండా ఒక్కోదానికీ నీళ్ళ బాటిలు బోర్లించి ఉంది. బాటిలు మీద కవరు చుట్టి, కవరు మీద తాడు కట్టి ఉంది. ఎవరు కట్టారో నేను అడగలేదు.

"ఎన్ని కట్టినా నీళ్ళు కమ్మీల వెంబడే దిగుతా ఉండాయంట. వీటిని కోసేసి, పైన సిమెంటు పూసేస్తే కారేది నిలుస్తాదంటాడు మేస్త్రీ. లేకుంటే కప్పే పోతాదంట" అంది అక్క.

"మరి కోయించేయండక్కా."

ఆవిడ ఒక కమ్మీ దగ్గరికి పోయి, దాని మీది బాటిలు సరిచేసింది. మూలనున్న కమ్మీ నుంచి పిట్టగోడ దాకా తీగ కట్టి ఉంది. తీగ మీద ఆయన తువ్వాలు ఒకటి ఇంకా ఆరుతోంది.

"నాకు తెలవదా అమ్మా, మాడి కట్టే వాళ్ళం కాదని. కట్టి ఎవురుండాల దాంట్లో? అయినా ఆయన పొద్దున లేస్తే ఈడికి వచ్చి, వీటి నడుమ నిలబడి పండ్లు తోముకుంటా, రేపు ఈడ వాకిలి, రేపు ఈడ కిటికీ అని చెప్తా ఉంటాడు. కోసేస్తే ఆ రేపు లేనట్టే కదమ్మా."

నేను నా సంగతి చెప్పాను. లాడ్జి సంగతి, యజమాని చెప్పింది, నెలాఖరు. ఆయన రాసిందంతా తీసేయాలని, చెయ్యి రావడం లేదని. ఆవిడకు ప్రోగ్రాముల గురించి ఏమీ తెలియదు. కానీ శ్రద్ధగా విన్నది.

"అది కూడా కారతా ఉండాదా?" అని అడిగింది.

"అవునక్కా. సంచులు బయట పడేస్తా ఉండారు. జబ్బు మనుషులు."

ఆవిడ తువ్వాలు తీసి మడిచి భుజాన వేసుకుంది. "అయితే ఒక పని చెయ్యి. నువ్వు ముందర తీసేయ్. తీసేసినాక నాకు ఫోన్ చెయ్యి. ఆ మాట విన్నాక నేనూ మేస్త్రీకి చెప్తా. నేను ఒక్కదాన్నే అయితే నా వల్ల కాదు."

ఆ మాట తీసుకుని బస్సెక్కాను. పల్లికొండ దాటి, విరించిపురం గోపురం దూరంగా కనిపించేదాకా కిటికీలోంచి మిద్దెలే చూస్తూ వచ్చాను. దారి పొడుగునా ఇళ్ళ నెత్తిన కమ్మీలు నిలబడే ఉన్నాయి. ఎన్నిళ్ళ మీద అంతస్తు లేచిందో నేను చూడదలచుకోలేదు.

సోమవారం ఏడ్చానని చెప్పాను కదా. ఏడ్చి, మొహం కడుక్కుని, కాఫీ తాగి మొదలుపెట్టాను. పీకడం కష్టమేమీ కాదు. అంతకంటే కష్టం, ప్రతిదాన్నీ తీసేముందు దాని పేరు చదవాల్సి రావడం. గంటకు ఇచ్చే గదుల స్ట్రాటజీ. తిరుపతి శాఖ ప్రొవైడర్. ఇంకా కట్టని కట్టడానికి ఫ్యాక్టరీ. ఒక్కోటి చదివి, ఒక్కోటి తీసేశాను. మంగళవారం, బుధవారం అదే పని. నడుం పట్టేసింది. లోపలికి పోయేకొద్దీ పొరలు పలచబడ్డాయి, అన్నిటికంటే లోపల నేను రాసిన చిన్న ముక్క దొరికింది. రూమ్ ఛేంజ్. ఇన్నేళ్ళుగా, ఇన్ని గోడలు కట్టిన మనిషి, దానిలో ఒక్క అక్షరం కూడా ముట్టలేదు. నేను ఒకచోట వంకరగా వదిలిన వరస కూడా అలాగే ఉంది. అది సరిదిద్దకుండా ఉండటానికి ఆయన ఎంత ఓర్చుకుని ఉంటాడో నాకు తెలుసు.

కావలసిన కొత్త మార్పు దాని పక్కనే రాశాను. గురువారం మధ్యాహ్నం లాడ్జీకి పోయి చూశాను. అస్సాం నుంచి వచ్చిన ఒకాయన, భార్యను అప్పుడే లోపల చేర్చి వచ్చాడు. మేనేజరు ఆవిడ పేరు తీసి ఆయన పేరు వేశాడు. గది కదల్లేదు. ఆయనకు ఏం జరిగిందో తెలియనే తెలియదు. ఫ్లాస్కు పట్టుకుని మెట్లెక్కి తన గదికి తను పోయాడు.

అక్కడే లాడ్జి వసారాలో నిలబడి అక్కకు ఫోను చేశాను.

"అక్కా, తీసేసినాను."

ఆవిడ అడిగింది. "అంతా తీసేసినావా?"

"ఒకటి ఉంచినాను."

"ఏంది అది?"

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. నడుమ ఊపిరి తీసుకోకుండా చదివాను. "కనియంబాడి రూమ్ ఛేంజ్ సేఫ్టీ డెకరేటర్."

"కనియంబాడి అంటే నువ్వే కదా. ఏం చేస్తాది అది?"

"ఏమీ చేయదక్కా. వచ్చినదాన్ని లోపలికి పంపిస్తాది, అంతే. నా తర్వాత వచ్చేవాళ్ళు చూసి తిట్టుకుంటారు."

ఆవిడ చిన్నగా నవ్వింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా వినిపించింది.

"సరే. మేస్త్రీని రేపు పొద్దున్నే రమ్మంటా. నేనూ ఒకటి ఉంచమంటా. ఆ మూలది, తీగ కట్టింది."

"ఒకటున్నా దాని వెంబడే నీళ్ళు దిగుతాయి కదక్కా."

"దిగనీ. కింద గిన్నె పెట్టుకుంటాలే."